పగవాళ్ల మధ్య కాటా

గుంటూరు మిర్చి యార్డులో కాటా మొరాయిస్తే పిలిచేది ఏసోబుని. యాభై రెండేళ్ల మనిషి. చొక్కా జేబులో ఒక టెస్టరు, ఒక చిన్న బ్రష్షు ఎప్పుడూ ఉంటాయి. కాటా పళ్లెం కింద చేరే మిరప దుమ్మును ఆ బ్రష్షుతో దులుపుతాడు. సగం రోగాలు దానికే కుదురుతాయి. బళ్లో చదివింది తొమ్మిదో తరగతి వరకు. తక్కిన చదువంతా కాటాల కింద పడుకుని చదువుకున్నాడు.

పదహారో ఏట పనిలో చేరినప్పుడు యార్డులో అన్నీ దండె కాటాలే. దండె మీద గుండు జరిపి తూచేవాళ్లు. తర్వాత ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. చెడిపోయిన కాటా ఒకటి తెచ్చుకుని, విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాడు. మస్కట్‌లో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటాల మీద మూడేళ్లు పనిచేశాడు. తిరిగొచ్చి ఆటోనగర్‌లో నా లేతు షెడ్డు పక్కనే షాపు పెట్టాడు. హైదరాబాద్‌లో కాటాలు తయారుచేసే ఒక కంపెనీకి సర్వీసు పని కూడా చేస్తున్నాడు.

అతని పనిలో ఒక పద్ధతి ఉంది. కాటా మీద ఎవరికైనా అనుమానం వస్తే అతను వాదన పెట్టుకోడు. తూకపు రాళ్లు తెప్పించి, తను రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక్కి కట్టుకుంటాడు. ఒకసారి ప్రత్తిపాడు వైపు రైతు బుల్లయ్య గారు యార్డులో పెద్ద గొడవ చేశాడు.

"ఏం ఏసోబూ, నీ కాటా నా కాయని తినేస్తందయ్యా. టిక్కీ బస్తాకి అరకిలో మింగింది."

"అంత కాయ తింటే ఈపాటికి దానికి కడుపులో మంట పుట్టాలి కదండీ," అన్నాడు ఏసోబు. "ఇవిగోండి రాళ్లు. మీరే వెయ్యండి. నేను ముట్టుకోను."

"నువ్వెయ్యవయ్యా, నాకు నడుం నొప్పి."

"నేనేస్తే మళ్లీ నా చేతి మీద అనుమానం వస్తదండి. మీరే వెయ్యాలి."

బుల్లయ్య గారు మూలుగుతూ ఇరవై కిలోల రాళ్లు ఐదు వేశాడు. కాటా సరిగ్గా వంద చూపించింది. ఆయన రాళ్లు దింపి, ఇంకోసారి వేసి, మళ్లీ వంద చూసి, చెయ్యి దులుపుకుని టీకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ కాటా గురించి ఎవరేమన్నా ఏసోబు తరఫున మాట్లాడేది ఆయనే.

ఏసోబుకి ఇంకో అలవాటు కూడా ఉంది. కాటాకి అంకెలు చూపించే డబ్బా మార్చినప్పుడు, రాళ్లు దగ్గర లేకపోతే తనే ఎక్కి నిలబడతాడు. అతను సరిగ్గా అరవై ఎనిమిది కిలోలు. పదేళ్లుగా పెరగలేదు, తగ్గలేదు. యార్డు పనికి ఆ పరీక్ష చాలు.

కిందటేడు హైదరాబాద్ కంపెనీకి ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. అణు పదార్థాల లెక్కలు తనిఖీ చేసే ఒక అంతర్జాతీయ సంస్థ ఐదు టన్నుల కాటా చేయించుకుంది. దాన్ని పరీక్షించడానికి ఆ సంస్థ ఇంజనీరు హారిక వచ్చింది. చీరాల అమ్మాయే. కంపెనీ వాళ్లు ఏసీ గదిలో బొమ్మలు చూపించి గంటసేపు మాట్లాడారు. హారిక మాత్రం బయటికొచ్చి, కాటా కింద పడుకుని బోల్టులు చూస్తున్న ఏసోబు పక్కన కూర్చుంది.

"ఈ బోల్టు ఎందుకు వదులు చేశారండీ?" అంది.

"బిగిస్తే పళ్లేనికి ఊపిరాడదమ్మా. కొంచెం కదలనివ్వాలి," అన్నాడు ఏసోబు.

కాటాతో పాటు మెకానిక్‌గా ఎవర్ని పంపాలో ఆమే రాసిచ్చింది. ఇంట్లో మాత్రం వీరమ్మను ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది.

"బాంబుల దగ్గరికి వెళ్తావా?" అంది అతని భార్య.

"బాంబుల దగ్గరికి కాదు, కాటా దగ్గరికి. బాంబు చెయ్యకుండా చూట్టానికే ఆ కాటా."

"మరి అక్కడ చలంటగా. స్వెట్టర్ లేకుండా వెళ్లి, ముక్కు కారుకుంటా తిరిగొస్తే నాకు సంబంధం లేదు."

ఆ దేశం పేరు ఏసోబు నాకు చెప్పలేదు. చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాడు. నేనూ అడగలేదు. కొండల దేశం అందాం. వాళ్ల దగ్గర యురేనియం ఉంది. కరెంటు కోసమేనని వాళ్లంటారు. బాంబు కోసమని పక్కనున్న అవతలి దేశం అంటుంది. రెండూ ఒకప్పుడు యుద్ధం చేసుకున్నవే. ఐరోపాలో ఒక నగరంలో మూడేళ్లు చర్చలు జరిపారు. అదీ ఒక గదిలో కూర్చుని కాదు. వీళ్లు ఒక గదిలో, వాళ్లు ఒక గదిలో ఉంటే మధ్యవర్తులు అటూ ఇటూ తిరిగారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. కొండల దేశం తన సరుకంతా ఇరవై ఇనప సిలిండర్లలో పెట్టి చూపించాలి. తనిఖీ సంస్థ వాటిని తూచి సీలు వేయాలి. అవతలి దేశం మనిషి ఒకడు పక్కనుండి చూడాలి. తూకం లెక్కకి సరిపోతే కొండల దేశం మీదున్న ఆంక్షలు కొన్ని తీసేస్తారు, ముందుగా మందుల మీదున్నవి. సరిపోకపోతే చర్చలు ఆగిపోతాయి, తనిఖీ వాళ్లు పెట్టే సర్దుకోవాలి.

అక్కడ దిగిన రోజే ఏసోబుకి రెండు ఇబ్బందులు వచ్చాయి. దారిలో పెట్టె కిందపడి కాటా డబ్బా అద్దం పగిలింది. తూకపు రాళ్లున్న చెక్కపెట్టెలను యురేనియం ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలావాళ్లు ఆపేశారు. ఇరవై ఇనప దిమ్మలు ఎందుకు తెచ్చారో రాజధాని నుంచి కాగితం వస్తే తప్ప వదలమన్నారు. తూకం మాత్రం మర్నాడు పొద్దున మొదలుపెట్టి తీరాలన్నారు.

ఏసోబు తనిఖీ సంస్థ పంపిన స్పేర్ డబ్బా బిగించాడు. సున్నా చూసుకున్నాడు. ఎప్పట్లాగే కాటా ఎక్కాడు. అరవై ఏడు కిలోల తొమ్మిది వందల గ్రాములు చూపించింది. రెండు రోజులుగా సరిగా తినలేదు, వంద గ్రాములు తగ్గి ఉంటాననుకుని దిగాడు.

"కాటా చెక్ చేశారా ఏసోబు గారూ?" అని హారిక అడిగింది.

"చేశానమ్మా," అన్నాడు.

మర్నాడు తూకం మొదలైంది. క్రేనుతో ఒక్కో సిలిండరు తెచ్చి పెడుతుంటే హారిక అంకె రాసుకుంటోంది. ఆమెకు ఒక పక్క ఆ ఫ్యాక్టరీ స్టోర్సు అధికారి, ఇంకో పక్క అవతలి దేశం పరిశీలకుడు నిలబడ్డారు. ఏసోబు యార్డు అలవాటు కొద్దీ మొదటాయనకి మీసాలాయన అనీ, రెండో ఆయనకి కళ్లజోడాయన అనీ మనసులో పేర్లు పెట్టుకున్నాడు. ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు. కానీ ఒకరితో ఒకరు మాట్లాడరు. ఏ మాటైనా హారికతోనే.

"ఆయన్ని కొంచెం జరగమనండి, అంకె కనపడ్డం లేదు," అంటాడు కళ్లజోడాయన.

"నేను నిలబడింది నా దేశంలోనని ఆయనకి చెప్పండి," అంటాడు మీసాలాయన. అని, ఒక అడుగు జరుగుతాడు.

మొదటి సిలిండరు దాదాపు మూడు టన్నులు. ఫ్యాక్టరీ లెక్కలో ఉన్నదానికన్నా ఐదు కిలోలు తక్కువ చూపించింది. రెండోది ఐదు తక్కువ. మూడోదీ అంతే. సాయంత్రానికి ఇరవై సిలిండర్లూ, వాటితో పాటు లెక్కకోసం ఒక ఖాళీ సిలిండరూ తూచారు. మొత్తం మీద వంద కిలోలు తక్కువ.

వంద కిలోలంటే యార్డులో రెండున్నర టిక్కీల బరువు. కళ్లజోడాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వంద కిలోల సరుకు ఎక్కడ దాచారో ఆయన్ని అడగండి."

"దొంగ కాటా ఎవరు తెమ్మంటే తెచ్చారో మీరే చెప్పండి," అన్నాడు మీసాలాయన హారికతో. ఆయన మొహం కందిపోయింది.

రాత్రిలోగా అంకెలు చర్చల నగరానికి చేరతాయి. మర్నాడు మూడింటికి రెండు పక్షాలూ కూర్చుంటాయి. అప్పటికి ఈ వంద కిలోలు ఏమయ్యాయో తేలకపోతే అవతలి దేశం వాళ్లు లేచి వెళ్లిపోతామన్నారు.

ఏసోబు క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకుని, అంకెల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చివరి వరుసలో ఖాళీ సిలిండరు ఉంది. అదీ లెక్కకన్నా కిలో చిల్లర తక్కువ. సరుకైతే దొంగతనం చేస్తారు. ఖాళీ సిలిండరు నుంచి కిలో ఇనుము గీక్కుని ఎవరు పట్టుకెళ్తారు?

టీ చల్లారిపోయింది. బరువు తక్కువైనదానికి తేడా తక్కువ, ఎక్కువైనదానికి ఎక్కువ. అంటే సరుకులో లోటు లేదు, కాటాలో ఉంది. కాటాలో తను మార్చింది ఒక్క డబ్బానే.

ఎలక్ట్రానిక్ కాటా నిజానికి సరుకెంతుందో నేరుగా కొలవదు. భూమి వస్తువుని ఎంత గట్టిగా లాగుతోందో కొలిచి కిలోల్లో చెబుతుంది. ఎత్తుకి పోయేకొద్దీ ఆ లాగుడు కాస్త తగ్గుతుంది. ఉత్తరానికి పోయేకొద్దీ కాస్త పెరుగుతుంది. అందుకని కాటా పెట్టే చోటును బట్టి డబ్బాలో ఒక నంబరు ఎక్కించాలి. పగిలిన డబ్బాలో ఈ కొండల నంబరు ఉంది. స్పేర్ డబ్బాలో ఎక్కడో ఉత్తరాన దాన్ని పరీక్షించిన నగరం నంబరు ఉంది. ఏసోబుకి ఈ సంగతి తెలియక కాదు. కానీ గుంటూరులో డబ్బా విప్పి చిలకలూరిపేటలో బిగించినా, అక్కడిది తీసుకెళ్లి ఒంగోలులో బిగించినా నేలంతా ఒకటే. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ నంబరు ముట్టుకునే పని పడలేదు. మనిషి బరువు మీద ఆ తేడా వంద గ్రాములే. దాన్ని తిండి మీదికి తోసేశాడు.

రెండు మీటలు నొక్కితే నంబరు మారిపోతుంది. కాటా ఉన్న గదిలో ఇప్పుడు ఎవరూ లేరు. పొద్దున మళ్లీ తూస్తే అన్నీ సరిపోతాయి. కానీ సాయంత్రం ఒకటి చూపించిన కాటా పొద్దున్నే ఇంకోటి చూపిస్తే యార్డులో ఏ రైతైనా ఊరుకుంటాడా? ఏసోబు గ్లాసు పక్కనపెట్టి హారిక దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, తప్పు నాది," అని అంతా చెప్పాడు.

హారిక అంకెల కాగితం తీసుకుంది. ఖాళీ సిలిండరు అంకెని రెండు నంబర్ల తేడాతో తనే గుణించి చూసుకుంది.

"చెక్ చేశానన్నారు కదండీ."

"ఎక్కి చూశానమ్మా. రాళ్లతో చూడలేదు."

"నేను కూడా దేంతో చూశారని అడగలేదు," అంది హారిక. "ఇది కంపెనీకి తెలిస్తే మిమ్మల్ని మళ్లీ పంపరు. అది పక్కనపెట్టండి. ఇప్పుడు నంబరు మారిస్తే వీళ్లు మిమ్మల్ని కొనేశారంటాడు అవతలి దేశం ఆయన. మార్చకపోతే చర్చలు పోతాయి. ఏం చేద్దాం?"

"మనం ఏమీ చెయ్యొద్దు. వాళ్లిద్దరి చేతా చేయిద్దాం."

పొద్దున ఏడింటికి ఇద్దర్నీ పిలిచి హారిక జరిగింది చెప్పింది. కళ్లజోడాయన ఏసోబు వైపు తిరిగాడు.

"నిన్న సాయంత్రం నీ గదికి ఈ ఫ్యాక్టరీ వాళ్లెవరైనా వచ్చారా?"

"వచ్చారు సార్. దుప్పటి ఇచ్చి వెళ్లారు," అన్నాడు ఏసోబు తనకు వచ్చిన ఇంగ్లీషులో. "ఇంకోటి అడిగాను, ఇవ్వలేదు."

"రెండోది ఈ పూట ఇస్తారని చెప్పండి," అన్నాడు మీసాలాయన మొహం ముడుచుకుని.

రాజధాని నుంచి కాగితం వచ్చి రాళ్ల పెట్టెలు గేటు దాటాయి. పెట్టెల మీద సీళ్ల నంబర్లన్నీ కళ్లజోడాయన తన కాగితంతో సరిచూసుకున్నాడు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"రెండు రోజులు వీళ్ల గేటు దగ్గరున్నాయి. నేను నమ్మను."

ఇలాంటిదేదో వస్తుందని ఏసోబు అనుకుంటూనే ఉన్నాడు. నిన్న క్యాంటీన్‌లో వెనక గుమ్మం దగ్గర ఒక కాటా చూశాడు. దండె మీద గుండు జరిపి తూచే పాతకాలం కాటా. కొండెక్కినా సముద్రంలో దిగినా దానికి తేడా రాదు. అటు సరుకు, ఇటు గుండు. భూమి రెంటినీ ఒక్కలాగే లాగుతుంది.

"ఉల్లిపాయలు తూచే కాటా ఉంది సార్ లోపల. దాని మీద చూద్దామా?"

"అదీ వీళ్లదే కదా."

"నిజమే సార్. కానీ రోజూ కూరగాయలాయనా, వంటాయనా దాని దగ్గర పోట్లాడుకుంటున్నారు. ఇటువైపు తప్పు చూపిస్తే ఆయన ఊరుకోడు, అటువైపు చూపిస్తే ఈయన ఊరుకోడు. ఈ ఫ్యాక్టరీ మొత్తంలో అంతకన్నా నికార్సయిన కాటా ఉండదు."

కళ్లజోడాయన రెండు రోజులుగా ఆ పోట్లాట పక్కన కూర్చునే భోజనం చేస్తున్నాడు. మొదటిసారి ఆయన మూతి కొంచెం వంకర తిరిగింది. అది నవ్వేనని ఏసోబు చెబుతాడు.

వంటాయన మాత్రం గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. తన కాటా మీద అనుమానమా అని ఆయన గోల. నీ కాటా మీద ఒక్కదాని మీదే ఎవరికీ అనుమానం లేదని మీసాలాయన నచ్చజెప్పాక తప్పుకున్నాడు.

ఏసోబు రెండడుగులు వెనక్కి వేసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒక రాయి మీసాలాయన వేయాలి, ఒకటి కళ్లజోడాయన వేయాలి. కోట్లు విప్పి మొదలుపెట్టారు. ఇరవై కిలోల దిమ్మలు. ఇద్దరూ బల్లల దగ్గర కూర్చుని పనిచేసేవాళ్లే. పదో రాయికి ఇద్దరికీ ఒగర్పు వచ్చింది.

"కుడివైపు చోటుందని ఆయనకి చెప్పండి," అన్నాడు కళ్లజోడాయన.

హారిక చెప్పేలోపే మీసాలాయన చేతిలో రాయి జారింది.

"కాలు తియ్," అని అరిచాడు.

కళ్లజోడాయన కాలు లాక్కున్నాడు. రాయి నేల మీద ధడాలున పడింది. ఇద్దరూ దాన్ని చూశారు, తర్వాత ఒకర్నొకరు చూసుకున్నారు.

"ఎన్నయ్యాయి?" అని కళ్లజోడాయన నేరుగా ఆయన్నే అడిగాడు.

"ఇది పద్నాలుగు."

"నేను పదమూడు అనుకున్నాను."

"అయితే దింపుదాం. మొదట్నుంచి లెక్కపెడదాం."

దింపి మళ్లీ వేశారు. ఈసారి ఇద్దరూ కలిసి పైకే లెక్కపెట్టారు. ఇరవై రాళ్లు. వంటాయన గుండు జరిపాడు. దండె సరిగ్గా నాలుగు వందల దగ్గర నిలబడింది. అవే రాళ్లు ట్రాలీ మీద తెచ్చి పెద్ద కాటా మీద వేశారు. మూడు వందల తొంభై తొమ్మిది కిలోల మూడు వందల గ్రాములు. ఏసోబు నంబరు ఎలా మార్చాలో నోటితో చెప్పాడు. మీటలు ఒకటి ఆయన నొక్కాడు, ఒకటి ఈయన నొక్కాడు. అంకె ఒక్కసారి మిణుకుమని నాలుగు వందల దగ్గర ఆగింది.

అప్పుడు తొమ్మిదిన్నర. క్రేను మళ్లీ కదిలింది. మొదటి సిలిండరు లెక్కకి సరిపోయింది. రెండోదీ సరిపోయింది. పన్నెండో సిలిండరు దగ్గర వంటాయన రొట్టెలు అక్కడికే పంపించాడు. ఇరవయ్యోది దిగేసరికి రెండూ నలభై. మొత్తం మీద కిలోన్నర తేడా. ఒప్పందంలో అంతకన్నా ఎక్కువ తేడాకే ఒప్పుకున్నారు. హారిక ఫోన్ తీసుకుని బయటికి పరుగెత్తింది.

తూకం కాగితం మీద సంతకాలకు మూడు గీతలే ఉన్నాయి. సంస్థకి ఒకటి, రెండు దేశాలకు రెండు. మీసాలాయన సంతకం పెట్టి, కలంతో కింద ఇంకో గీత గీశాడు.

"ఈయన కూడా పెట్టాలి. నిన్నటి అంకెలు ఎందుకు తప్పయ్యాయో రేపు ఎవరైనా అడిగితే జవాబు కాగితం మీదే ఉండాలి."

"నాకు అభ్యంతరం లేదు," అన్నాడు కళ్లజోడాయన.

ఏసోబు జరిగిన తప్పు రెండు వాక్యాల్లో ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులో సంతకం పెట్టాడు. మూడింటికి చర్చల నగరంలో రెండు పక్షాలూ కూర్చున్నాయి. ఎవరూ లేచి వెళ్లలేదు.

తిరిగొచ్చాక కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట అతన్ని విదేశీ పనులకు పంపరని దాని సారాంశం. ఏసోబు చదివి, మడిచి, పెట్టెలో పెట్టి యార్డుకి వెళ్లాడు. తప్పుకి ఆ మాత్రం శిక్ష న్యాయమేనన్నాడు నాతో. ఇప్పుడు రాళ్లు లేకుండా డబ్బా మార్చమంటే మార్చడు. రాళ్లు వచ్చేదాకా టీ తాగుతూ కూర్చుంటాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో హారిక ఫోన్ చేసింది. ఆ సిలిండర్లను రెండోసారి తూచాలి.

"ఏసోబు గారూ, కాటా మెకానిక్ ఎవరైతే ఒప్పుకుంటారో రాయమని రెండు దేశాల్నీ అడిగాం. విడివిడిగా అడిగాం. ఇద్దరూ మీ పేరే రాశారు. ఇన్నేళ్ల చర్చల్లో వాళ్లిద్దరూ ఒకే పేరు రాయడం ఇదే మొదటిసారి."

"కంపెనీ పంపదు కదమ్మా."

"కంపెనీకి మేం చెప్పుకుంటాం. తేదీ మాత్రం తేలలేదు. వాళ్లు మార్చి పది అంటారు, వీళ్లు మార్చి ఇరవై అంటారు. పదిహేను రోజులుగా దాని మీదే కొట్టుకుంటున్నారు."

పక్కన మిరపకాయల తొడిమలు తుంచుతున్న వీరమ్మ ఫోన్లో మాట విని తలెత్తింది.

"మార్చిలోనా? యార్డులో ఊపిరి తీసుకోటానికి తీరికుండదు. నువ్వు అక్కడికెళ్తే ఇక్కడ కాటాలు ఎవరు చూస్తారు? మే నెల పది దాటాక యార్డుకి సెలవులు, అప్పుడు పంపిస్తానని చెప్పు."

ఏసోబు ఆ మాటే కొంచెం మర్యాదగా చెప్పాడు. హారిక నవ్వి, రాసి చూస్తానంది. వారానికి జవాబు వచ్చింది. మే పన్నెండు. తాము అడిగిన తేదీ కాకపోయినా, అవతలివాళ్లు అడిగింది కూడా కాదు కాబట్టి తమకు సమ్మతమేనని రెండు దేశాలూ రాశాయి.